నాలుక చేపను గుర్తుపట్టాలంటే రంగు కాదు, నోరు చూడాలి

మైపాడు ఒడ్డున అలివి వల లాగి సంచి విప్పినప్పుడు అందరి కళ్లూ ముందు రొయ్యల మీదా పీతల మీదా పడతాయి. కవళ్లు మెరుస్తూ ఎగురుతుంటాయి. వాటన్నిటి కింద, వలకు తడి ఆకులా అంటుకుని, కదలకుండా ఒకటి రెండు చేపలు పడి ఉంటాయి. పైవైపు ఇసుక రంగు, తిరగేస్తే తెల్లటి తెలుపు. రెండు కళ్లూ ఒకే పక్కన ఉంటాయి. ఇదేం చేప అని అడిగితే "నాలుక చేప" అనే మాటే ఎక్కువగా వినపడుతుంది. కొత్తపట్నంలో అయినా, పాకలలో అయినా, కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేటిలో అయినా దాదాపు ఇదే జవాబు.

జవాబు తప్పు కాదు, కానీ చాలదు. ఆ ఒక్క పేరు కింద కనీసం నాలుగు కుటుంబాల చేపలు తిరుగుతున్నాయి. వాటి నోళ్లు వేరు, తిండి వేరు, పెరిగే సైజు వేరు, కూరలో రుచి కూడా వేరు. ఫొటో తీసి పేరు చెప్పమని పంపేవాళ్లు, చెప్పేవాళ్లు కూడా ముందుగా చూసేది రంగునీ మచ్చల్నీ. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఈ చేప తన ఒంట్లో అన్నిటికన్నా తేలిగ్గా మార్చుకోగలిగింది రంగునే.

పేరు సంగతి ముందు చూడాలి, ఎందుకంటే పేరులోనే కొంత చరిత్ర ఉంది. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో పట్టపు కులస్తుల పాలేలు ఎక్కువ. వాళ్ల ఇళ్లలో వినిపించేది తమిళం పాళ్లు బాగా ఉన్న ప్రత్యేకమైన భాష, బయట తెలుగు. అందుకే ఈ తీరంలో చేపల పేర్లు రెండు భాషల మధ్య తిరుగుతుంటాయి. తమిళంలో ఈ జాతి చేపల్లో పెద్దదాన్ని ఎరుమై నాక్కు అంటారు, అంటే గేదె నాలుక. తమిళ తీరంలోని తరంగంబాడి నుంచి వెళ్లిన నమూనాను చూసి 1801లో జర్మన్ శాస్త్రవేత్తలు బ్లాక్, ష్నైడర్ దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆ ఎరుమైనే లాటిన్ పక్కన నిలబెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని సెట్టోడెస్ ఎరుమై అనే రాస్తుంది. 1803లో బ్రిటిష్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరంలోని రెండు వందల చేపలను బొమ్మలతో ప్రచురించినప్పుడు వాటికి తెలుగు పేర్లే పెట్టాడు. అందులో ఒక బల్లపరుపు చేప పేరు నోరీ నాలక. 1822లో గంగానది చేపల మీద పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ ఇంకో రకానికి సైనోగ్లాసస్ లింగ్వా అని పేరు పెట్టాడు. గ్రీకులో మొదటి మాటకు కుక్క నాలుక అని అర్థం, లాటిన్‌లో రెండో మాటకు నాలుక. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇన్ని భాషల వాళ్లకు ఒకే పోలిక తట్టిందంటే ఆకారం అంత గట్టిగా కంట్లో పడుతుందన్నమాట. కానీ ఆకారాన్ని పట్టిస్తున్న ఆ పేరే, ఆకారాల మధ్య తేడాను దాచేస్తోంది.

పల్చగా ఉన్న ప్రతి చేపా ఈ గుంపుది కాదు. చందువ కూడా పల్చనే. కానీ అది నిలువుగా ఈదుతుంది, కళ్లు చెరో పక్కన ఉంటాయి. టేకు అయితే వీపు నుంచి పొట్ట వైపుకు నొక్కినట్టు ఉంటుంది. దాని కళ్లు నెత్తిమీద, నోరు కింద, రెండు పక్కలూ సమానం. నాలుక చేపలు ఆ రెండు దారులూ కాదని మూడో దారి పట్టాయి. నిలువుగా ఉండాల్సిన చేప పక్కకు ఒరిగి శాశ్వతంగా పడుకుంది. మనకు వీపులా కనపడే రంగు భాగం నిజానికి దాని ఒక పక్క, తెల్లటి అడుగు రెండో పక్క. వీపు రెక్క, అడుగు రెక్క ఒంటికి రెండు అంచుల వెంట జాలరులా సాగుతాయి.

గుడ్డులోంచి వచ్చినప్పుడు ఈ పిల్ల మామూలు చేప పిల్లే. నీటి పై పొరల్లో తేలుతూ, చెరో పక్క ఒక కన్నుతో తిరుగుతుంది. కొన్ని వారాలకు ఒక కన్ను మెల్లగా నెత్తి మీదుగా రెండో వైపుకు జరుగుతుంది, పుర్రె ఎముకలు మెలిపడతాయి. అప్పుడు అది ఒరిగి అడుగుకు దిగుతుంది. ఆ తర్వాత జీవితమంతా అడుగునే. ప్రపంచంలో ఇలాంటి చేపలు ఎనిమిది వందల రకాల దాకా ఉన్నాయి.

ఏ కన్ను జరిగిందన్నదే గుర్తింపులో మొదటి మెట్టు. చేపను నిలువుగా, కళ్లున్న వైపు మనకేసి ఉండేలా, దవడా పొట్టా కిందికి వచ్చేలా పట్టుకోవాలి. తల మన ఎడమ చేతి వైపుకు ఉంటే అది ఎడమ కళ్ల చేప, కుడి చేతి వైపుకు ఉంటే కుడి కళ్ల చేప. పొట్ట ఎటున్నదో తెలియకపోతే మొప్ప మూత వెనక, గొంతు దగ్గర ఉండే చిన్న కడుపు రెక్కలను వెతకాలి. అవి ఉన్నది పొట్ట వైపు. దీనికి పట్టే సమయం అర నిమిషం, కానీ సగం పని ఇక్కడితో తీరిపోతుంది. కుక్క నాలుక రకాలన్నీ ఎడమ కళ్లవి. సోల్ అని పిలిచే కుటుంబం కుడి కళ్లది. ఎరుమై మాత్రం ఈ లెక్కకు లొంగదు. దానిలో ఎడమవీ కుడివీ దాదాపు సమానంగా ఉంటాయి.

రెండో మెట్టు తోక. తోక రెక్క విడిగా, విసనకర్రలా ఉందా? లేక వీపు రెక్క, అడుగు రెక్క వచ్చి తోకతో కలిసిపోయి మొన తేలిందా? మూడో మెట్టు నోరు. అది పెద్దదా, పళ్లున్నదా, లేక వంకర తిరిగిన చిన్న గాటు లాంటిదా? ఈ మూడూ చూశాకే రంగు దగ్గరకు రావాలి.

ఈ పద్ధతిని ఒక చేప మీద పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది. పెన్నా కలిసే చోటా, బకింగ్‌హామ్ కాలువతో కలిసే ఉప్పు కయ్యల్లోనూ విసురు వలకు అరచేయంత, ఒక్కోసారి ఇంకొంచెం పెద్ద చేప తగులుతుంది. కోడిగుడ్డు ఆకారం, ఎడమ కళ్లు. తోక విడిగా ఉంటుంది. నోరు పెద్దది, పైపెదవి కంటి కిందిదాకా వస్తుంది. నోరు తెరిచి చూస్తే దవడల ముందు భాగంలో ఎడం ఎడంగా నిజమైన కోరపళ్లు కనపడతాయి. వేలు పెడితే గీరుకుంటుంది. రెండు కడుపు రెక్కలూ పొట్టి పీటల మీద, ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. పార్శ్వ రేఖ, అంటే ఒంటి వెంట సాగే సన్నటి గీత, రొమ్ము రెక్క పైన విల్లులా గట్టిగా వంగి, ఆ తర్వాత తోకదాకా తిన్నగా పోతుంది. ఆ వంపు ముగిసి తిన్నటి గీత మొదలయ్యే చోట ఒక ముదురు మచ్చ, దాని వెనక గీత మధ్యలో ఇంకో చిన్న మచ్చ.

ఇది సూడోరాంబస్ ఆర్సియస్. ఇంగ్లీషులో దీన్ని పెద్ద పళ్ల ఫ్లౌండర్ అని పిలుస్తారు. హామిల్టన్ 1822లో పేరు పెట్టిన వాటిలోదే ఇదీ. మామూలుగా 30 సెంటీమీటర్లు, పెరిగితే 45 దాకా వస్తుంది. మచ్చల సంగతి చివర్లో చెప్పడానికి కారణం ఉంది. బురద మీద పట్టిన చేపలో ఆ మచ్చలు ఒంటి నలుపులో కలిసిపోతాయి, చచ్చి రెండు గంటలైన చేపలో వెలిసిపోతాయి. కానీ అవి ఎక్కడున్నాయన్నది మారదు. గీత వంపు దగ్గర వెతికితే మసకగా అయినా దొరుకుతాయి. దీనికి దగ్గరి చుట్టం సూడోరాంబస్ ట్రయోసెల్లాటస్ ఒంటి మీద మూడు పెద్ద కంటి మచ్చలు త్రిభుజంలా ఉంటాయి. మచ్చలు లెక్కపెట్టడం ఇలా ఒకే ప్రజాతి లోపల మాత్రం పనికొస్తుంది. కుటుంబం తేలకముందే మచ్చల దగ్గరకు పోతే తికమకే మిగులుతుంది.

వలలో దీని పక్కనే పడే అసలు కుక్క నాలుకతో పోల్చి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కుక్క నాలుకకు రొమ్ము రెక్కలే ఉండవు. తోక మొనదేలి మిగతా రెక్కలతో కలిసిపోతుంది. కళ్లు రెండు ఆవగింజల్లా దగ్గర దగ్గరగా ఉంటాయి. ముక్కు కొస కొంకిలా వంగి నోటి ముందుకు వస్తుంది. ఒక గీతకు బదులు కళ్ల వైపు రెండు గీతలు, కొన్నింటిలో మూడు కూడా ఉంటాయి. ఆ గీతల లెక్కతోనే వీటిలో రకాలు విడదీస్తారు. సైనోగ్లాసస్ ఆరెల్, లింగ్వా రెండింటికీ కళ్ల వైపు రెండు గీతలు ఉంటాయి, తెల్ల వైపు ఏమీ ఉండదు. బైలీనియేటస్‌కు రెండు వైపులా రెండేసి, మొత్తం నాలుగు. అంటే ఈ చేపను తిరగేసి చూడకుండా పేరు చెప్పడం కుదరదు. పంక్టిసెప్స్ చిన్నది, ఒళ్లంతా చెల్లాచెదురు మరకలు. పెదవుల అంచున కుచ్చుల్లాంటి పోగులు వేలాడుతుంటే అది కుక్క నాలుకే కాదు, దాని చుట్టం పారాప్లగూసియా.

కుడి కళ్ల సోల్ కుటుంబంలో ఒంటి మీద జీబ్రాలా పట్టీలున్నవి జెబ్రియాస్ ప్రజాతివి. వాటిని గుర్తుపట్టడం తేలిక. బ్రాకైరస్ ఓరియెంటాలిస్ గుండ్రటి నల్లటి చేప, ఉప్పుటేర్లలోకి కూడా వస్తుంది. ఇదే కుటుంబంలో పార్డాకైరస్ అనే ప్రజాతి ఉంది. దాని వీపు, అడుగు రెక్కల పీటల వెంట సన్నటి రంధ్రాలుంటాయి. నొక్కితే పాల లాంటి ద్రవం కారుతుంది. ఎర్ర సముద్రంలోని దీని చుట్టంలో ఆ ద్రవం సొరచేపలను సైతం నోరు మూయకుండా వెనక్కి తగ్గేలా చేస్తుందని చేపల శాస్త్రవేత్త యూజెనీ క్లార్క్ 1970లలో గమనించారు. పల్చగా పడుకున్న ఇంత మెత్తటి చేపకు ఇలాంటి రక్షణ ఉండటం ఈ గుంపులో అరుదైన సంగతి.

ఇక ఎరుమై దగ్గర ఆగాల్సిందే. అది 60 సెంటీమీటర్లు దాటగల పెద్ద చేప. ఒళ్లు దళసరి, నోరు పెద్దది, పళ్లు కొక్కేల్లా ఉంటాయి. దాని రెండు లక్షణాలు వేరే ఏ నాలుక చేపలోనూ కనపడవు. మిగతా వాటిలో వీపు రెక్క తలమీదికి, కళ్ల దాకా పాకుతుంది. ఎరుమైలో అది కంటి వెనక నుంచే మొదలవుతుంది. మిగతా వాటిలో జరిగిన కన్ను పూర్తిగా రెండో పక్కకు వచ్చేస్తుంది. ఎరుమైలో అది నెత్తి అంచు మీదే ఆగిపోతుంది. ప్రయాణం మధ్యలో దిగిపోయినట్టు ఉంటుంది. ఈ చేప ఒక్కోసారి నిలువుగా కూడా ఈదుతుంది.

ఆ ఆగిపోయిన కన్ను చిన్న విషయం కాదు. జీవపరిణామ సిద్ధాంతం కొత్తగా వచ్చిన రోజుల్లో సెయింట్ జార్జ్ మివార్ట్ అనే శాస్త్రవేత్త 1871లో సరిగ్గా ఈ చేపలనే చూపించి డార్విన్‌ను నిలదీశాడు. కన్ను సగం దూరం జరిగితే చేపకు ఒరిగేదేముంది, పూర్తిగా జరిగితేనే కదా లాభం, మరి మెల్లమెల్లగా ఎలా వచ్చింది అన్నది అతని ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. డార్విన్ 1872లో జవాబు రాశాడు గానీ సగం జరిగిన కన్నున్న శిలాజం ఆయన చేతిలో లేదు. అది 2008లో తేలింది. ఇటలీలో దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికిన ఆంఫీస్టియం, హెటరోనెక్టెస్ అనే చేపల పుర్రెలను శిలాజ శాస్త్రవేత్త మ్యాట్ ఫ్రీడ్‌మన్ పరిశీలించి, పెద్ద చేపల్లో సైతం ఒక కన్ను నెత్తి వైపు జరిగి, అవతలికి దాటకుండా ఆగిపోయిందని చూపించాడు. అంటే సగం దారిలో ఉన్న కళ్లతోనే అవి బతికాయి, పెరిగాయి. మన వలల్లో పడే ఎరుమై ఆ పాత చేపలకు పిల్ల కాదు, కానీ ఈ రోజు బతికున్న వాటిలో ఆ దశను గుర్తుచేసే చేప ఇదే. చేపల మార్కెట్లో రెండు క్షణాలు ఆగి దాని నెత్తి చూడటానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

రంగును ఎందుకు నమ్మకూడదన్న మాటకు ఇప్పుడు రావాలి. ఈ చేపల చర్మంలో రంగు కణాలుంటాయి. వాటిలోని రంగు కూడుకుంటే చర్మం తెల్లబడుతుంది, పరుచుకుంటే ముదురుతుంది. ఈ మార్పును నడిపేది కళ్లు. ఒంటి చుట్టూ అడుగు ఎలా ఉందో చూసి, మెదడు నరాల ద్వారా ఆ కణాలకు చెబుతుంది. తమిళనాడులో పుట్టిన నరాల శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1996లో తన సహచరులతో కలిసి ఇంకో సముద్రపు ఎడమ కళ్ల చేప బోథస్ ఒసెల్లాటస్‌ను రకరకాల అడుగుల మీద ఉంచి చూశారు. ఇసుక మీద ఇసుకలా, గళ్ల అడుగు మీద నల్లటి తెల్లటి మరకలతో అది 2 నుంచి 8 సెకన్లలో మారిపోయింది. మన తీరపు రకాలన్నీ అంత వేగంగా మారతాయని దీన్నిబట్టి చెప్పేయలేం. కానీ సూత్రం ఒకటే. తెల్లటి ఇసుక ఉన్న మైపాడులో పట్టిన చేపా, నల్లటి బురద ఉన్న ఉప్పుటేటిలో పట్టిన చేపా పక్కపక్కన పెడితే రెండు జాతుల్లా కనపడొచ్చు. నోరూ తోకా గీతా చూస్తే ఒకటే అని తేలుతుంది.

దాక్కోవడంలో రంగు సగం పని చేస్తే మిగతా సగం ఇసుక చేస్తుంది. అడుగుకు దిగగానే చేప ఒంటి అంచులను అలలా గబగబా ఆడిస్తుంది. ఇసుక లేచి మళ్లీ దాని మీదే పడుతుంది. కళ్లు మాత్రం రెండు చిన్న బుడిపెల్లా బయట ఉంటాయి, ఒక్కోటీ విడివిడిగా తిరుగుతుంది. ఎదిగిన తర్వాత ఈ చేపల్లో దాదాపు అన్నింటికీ గాలితిత్తి ఉండదు. అందుకే కదలకపోతే నీళ్లలో తేలదు, అడుగునే బరువుగా పడి ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో నడిచేవాళ్ల కాలి కింద నుంచి ఇసుక పొగలా లేచి ఏదో జారిపోయిందంటే, చాలాసార్లు ఇదే.

తిండి దగ్గర నోటి ఆకారం మళ్లీ ముందుకు వస్తుంది. కోరపళ్ల ఆర్సియస్ కంటితో వేటాడే చేప. ఇసుకలో పొంచి ఉండి, పైన పోయే చిన్న చేపనో రొయ్యనో ఒక్క దూకుతో పట్టుకుంటుంది. ఎరుమై కూడా అంతే, ఇంకా పెద్ద వేటకు పోతుంది. కుక్క నాలుక నోరు అందుకు పనికిరాదు. అది చిన్నది, పైగా తెల్ల వైపుకు మెలి తిరిగి ఉంటుంది. అది బురదలో పాకుతూ వాసనతో, తాకిడితో పురుగులనూ చిన్న రొయ్య పిల్లలనూ ఏరుకుంటుంది. అంటే ఒకే వలలో పడ్డ రెండు "నాలుక చేపల్లో" ఒకటి పులి లాంటిది, ఇంకొకటి నేల తవ్వుకునేది. గాలానికి బతికున్న రొయ్య గుచ్చి వేస్తే మొదటిది పడుతుంది, రెండోదాని కోసం పురుగు ఎర కావాలి.

ఆర్సియస్ పిల్లలు ఉప్పుటేర్లలోకి వస్తాయి. అక్కడ నీరు లోతు తక్కువ, తిండి ఎక్కువ, పెద్ద చేపల బెడద తక్కువ. పెన్నా, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ కలిసే చోట్ల ఇలాంటి జాగాలున్నాయి. కానీ ఎండాకాలంలో ఏట్లో నీరు తగ్గి, ఇసుక మేటలు వేసి మొగ మూసుకుపోతే సముద్రం నుంచి పిల్లలు లోపలికి రాలేవు, లోపల పెరిగినవి బయటికి పోలేవు. మొగ తెరిచి ఉండటం రొయ్యకీ, పీతకీ ఎంత ముఖ్యమో దీనికీ అంతే ముఖ్యం. పైగా అడుగు బురదలో ఏం పేరుకుంటే దాంట్లోనే ఈ చేప పడుకుంటుంది, దాంట్లోదే తింటుంది. చెరువుల మురుగు, ఫ్యాక్టరీల నీరు చేరే చోట అడుగు బాగుందో లేదో తెలుసుకోవడానికి పైన ఈదే చేప కన్నా ఇది మంచి సాక్షి.

రొయ్యల కోసం అడుగును గీరుతూ పోయే మర బోట్ల వలల్లో ఇవి అనుకోకుండా పెద్ద సంఖ్యలో పడతాయి. పెద్దవి అమ్ముడుపోతాయి, వేలెడంత పిల్లలు కోళ్ల మేతకూ చేపల మేతకూ పోతాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం తూర్పు తీరమంతటికీ ఉంది. ఆ రెండు నెలలు అడుగుకు దొరికే ఊపిరి ఈ చేపలకూ దొరుకుతుంది. కేరళలో మాంతల్ అని పిలిచే కుక్క నాలుక రకం వానాకాలం తర్వాత గుంపులుగా పడుతుంది, అక్కడ దానికి ప్రత్యేకమైన వేటే ఉంది. మన వైపు అలా కాదు. పది రకాల మధ్య ఒకటీ అరా పడే చేప కాబట్టి దాని మీద ఎవరూ లెక్క పెట్టరు, అదే బాధ. "నాలుక చేప" అని ఒకే కుప్పలో రాసే రిజిస్టరులో ఏ రకం తగ్గుతోందో ఎప్పటికీ తెలియదు.

వంటకు వస్తే, కుక్క నాలుక తోలు తల దగ్గర గాటు పెట్టి ఒక్క లాగుడుకు వలుస్తారు. మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది. మామిడికాయ వేసి ఎక్కువ సేపు మరగనిచ్చే నెల్లూరు పులుసులో అది విడిపోతుంది, వేపుడుకే బాగుంటుంది. ఎరుమై ముక్క దళసరి కాబట్టి పులుసుకు ఆగుతుంది. ముల్లు మధ్యలో ఒకే వెన్నులా ఉంటుంది, అందుకే పిల్లలకు పెట్టడం తేలిక. హోటళ్లలో ముల్లు లేని తెల్ల ముక్కలను ఈ చేప అనుకుని తినేవాళ్లుంటారు. బాసా అన్న పేరుతో వచ్చేది పంగాసియస్, అది మంచినీటి చేప. ఆంధ్రలో చెరువుల్లో పెంచుతున్నదీ అదే. దానికి రెండు పక్కలా చెరో కన్ను ఉంటుంది. కానీ ముక్క కోశాక కళ్లు కనపడవు కదా.

చేప పేరు ఎవరినైనా అడగాలనుకుంటే ఒక్క ఫొటో చాలదు. కళ్ల వైపు ఒకటి, తిరగేసి తెల్ల వైపు ఒకటి, నోరు తెరిచి దగ్గరగా ఒకటి, తోక రెక్కలు విప్పి ఒకటి తీయాలి. పక్కన స్కేలో, రూపాయి బిళ్లో పెట్టాలి. పట్టిన చోటు ఇసుకా, బురదా, నీరు ఎంత లోతు అన్నది రాయాలి. ఐసులో పెట్టకముందే తీస్తే పార్శ్వ రేఖ వంపు బాగా కనపడుతుంది. తడి గుడ్డతో జిగురు తుడిచి, వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుంటే రెండు గీతలా, మూడా, తెల్ల వైపు కూడా ఉన్నాయా అన్నది లెక్కపెట్టొచ్చు.